మందుల ఖర్చు: కోత పెట్టవలసింది ఎక్కడ?

పోయిన ఏడాది వానాకాలంలో ఒక తెల్లవారుజామున మా ఏరియా ఆస్పత్రికి ఒక దర్జీని ఆటోలో వేసుకొచ్చారు. వయసు 52. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా వస్తోంది. రక్తపోటు చూస్తే 210/120. రాత్రి బాగానే పడుకున్నాడట, లేచేసరికి ఇలా ఉన్నాడట. వెంట వచ్చిన భార్య చేతిలో ఒక పాత బిస్కట్ల డబ్బా ఉంది. "మందులన్నీ ఇందులోనే ఉన్నాయి డాక్టరుగారూ, ఒక్కటీ మానలేదండి" అంది.

అతన్ని సి.టి. స్కాను కోసం జిల్లా ఆస్పత్రికి పంపే ఏర్పాటు చేస్తూ ఆ డబ్బా మూత తీసి చూశాను. అయిదు రకాల మందులు. అడుగున మడతలు పడిన చీటీ. మొదటి వరుసలో రక్తపోటు బిళ్ళ. దాని కింద గ్యాసు బిళ్ళ, నరాల బలానికి ఒక గొట్టం, విటమిన్ల గొట్టం, కాల్షియం బిళ్ళ. అన్నీ కలిపి నెలకు 1,900 రూపాయలు అవుతున్నాయట. కుట్టుమిషను మీద బతికే ఇంట్లో 1,900 అంటే ఏమిటో మీకు వేరే చెప్పనక్కరలేదు. లెక్క చూస్తే మిగతా నాలుగూ అయిపోయాయి గాని, రక్తపోటు బిళ్ళలు మాత్రం సగానికి సగం మిగిలే ఉన్నాయి.

"ఇదేమిటమ్మా?" అని అడిగాను.

"అది రోజు విడిచి రోజు వేసుకుంటున్నారండి. బి.పి. నార్మల్‌కి వచ్చిందన్నారు గదా, ఇంక రోజూ ఎందుకులే, నెలకి రెండొందలు మిగుల్తాయి అన్నారు."

"మరి మిగతావి?"

"అవి రోజూ వేసుకుంటారండి. అవి బలానికి గదా!"

ఇందులో ఆమె తప్పు గాని, అతని తప్పు గాని ఎంత? పొదుపు చెయ్యక తప్పలేదు, చేశారు. ఐతే అయిదు వరుసలలో ప్రాణానికి కాపలా ఉన్నది ఒక్కటే వరుస. కత్తెర సరిగ్గా దాని మీదే పడింది. తక్కిన నాలుగింటి మీద నెలకు 1,500 ఖర్చు పెడుతూ, ఆ ఒక్కదాని మీద 200 మిగుల్చుకున్నారు. ఇలాంటి పొదుపు నా ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో చాలా ఇళ్ళల్లో చూశాను. చదువుకున్నవాళ్ళ ఇళ్ళల్లోనూ చూశాను. అందుకే ఈ వారం రోగాల సంగతి పక్కన పెట్టి మందుల ఖర్చు గురించి రాస్తున్నాను.

కొందరు పాఠకులు "మాకు ఇన్సూరెన్సు లేదు, మందుల ఖర్చు భరించడం ఎలా?" అని అడుగుతుంటారు. నిజానికి ఇన్సూరెన్సు ఉన్నవారి పరిస్థితీ ఈ విషయంలో పెద్ద మెరుగేమీ కాదు. 2007లో మన రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ గాని, 2018లో కేంద్రం పెట్టిన ఆయుష్మాన్ భారత్ గాని, మీరు ప్రీమియం కట్టే పాలసీలు చాలావరకు గాని, ప్రధానంగా ఆస్పత్రిలో చేరినప్పుడు అయ్యే ఖర్చుకే. ఆయుష్మాన్ భారత్‌లో ఇంటికి వచ్చాక 15 రోజుల మందులదాకా ఇస్తారు. పదహారో రోజునుంచి బిళ్ళ మీ జేబులోంచే రావాలి. రక్తపోటు, మధుమేహం, ఉబ్బసం, థైరాయిడ్ లాంటివి పదహారో రోజుతో పోయేవి కావు. కాబట్టి రోజువారీ బిళ్ళల దగ్గరకు వచ్చేసరికి మనలో చాలామంది ఇన్సూరెన్సు లేనివాళ్ళమే అనుకోండి.

చీటీని డాక్టరుచేతే చదివించండి

మొట్టమొదట చెయ్యవలసిన పనికి పైసా ఖర్చు లేదు. మందుల షాపుకు వెళ్ళకముందే, డాక్టరుగారి ఎదుటే ఆ చీటీ చూపించి ఇలా అడగండి: "వీటిలో ఏవి రోజూ తప్పకుండా వాడాలి? ఏవి కొద్దిరోజులే? ఏది లేకపోయినా ఇబ్బంది లేదు?" ఆ పైన నెలకు మీరు ఎంత పెట్టగలరో కూడా చెప్పండి. "నెలకు అయిదు వందలు మించి నావల్ల కాదు డాక్టరుగారూ" అనడంలో నామోషీ ఏమీ లేదు. అది చెప్పకుండా ఇంటికి వెళ్ళి బిళ్ళలు సగం చేసుకోవడంలోనే ప్రమాదం ఉంది.

అడిగితే డాక్టరు కోప్పడతాడేమోనని మీ భయం. కొందరు కోప్పడతారు, కాదనను. ఐతే ఒక రహస్యం చెబుతాను. మాలో చాలామందికి మందు మోతాదు నిద్రలో లేపి అడిగినా చెప్పగలం గాని, దాని ధర తెలియదు. నాకూ ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్ళదాకా తెలియదు. మా మామగారికి గుండెజబ్బు వచ్చి, ఆయన మందులు నేనే డబ్బు పెట్టి కొనడం మొదలుపెట్టాక నా కళ్ళు తెరుచుకున్నాయి. ఆ నెలనుంచే నా చీటీలు పొట్టివయ్యాయి. అంతకుముందు ప్రతి చీటీ చివరా అలవాటుకొద్దీ ఒక బి కాంప్లెక్స్ తగిలించేవాణ్ణి. అది రాయకపోతే "ఈయన మందులేమీ రాయలేదు" అని రోగులు పెదవి విరిచేవారు. ఆ పాపంలో ఇద్దరికీ వాటా ఉంది.

దర్జీ చీటీకే మళ్ళీ వద్దాం. గ్యాసు బిళ్ళ అతనికి రెండు వారాలకు రాసినది. ఎవరూ ఆపమని చెప్పలేదు, అతనూ అడగలేదు. పద్నాలుగు నెలలు మింగాడు. నరాల గొట్టం అరికాళ్ళ తిమ్మిరికి ఇచ్చారు. తగ్గిందో లేదో కొన్ని వారాలు చూసి నిర్ణయించవలసిన మందు అది. విటమిన్లకు, కాల్షియానికి అతని విషయంలో కారణమే కనిపించలేదు. అలాగని మీ చీటీలో గ్యాసు బిళ్ళ ఉంటే నా మాట పట్టుకుని రేపటినుంచి మానెయ్యకండి. ఆస్పిరిన్ వాడే పెద్దవయసువారికి, లోగడ కడుపులో పుండు ఉన్నవారికి అదే బిళ్ళ అవసరం కావచ్చు. కొన్ని రకాల నరాల మందులు హఠాత్తుగా ఆపకూడదు, మెల్లగా తగ్గించాలి. అందుకే మీరు చెయ్యవలసింది అడగడం. కొట్టివెయ్యడం డాక్టరు చేతిమీదుగానే జరగాలి.

రెండు మూడు మందులు కలిపి ఒకే బిళ్ళగా చేసినవాటి విషయంలో కాస్త మెలకువగా ఉండండి. కొన్ని కలయికలు మంచివే. రోజుకు మూడు బిళ్ళలకు బదులు ఒకటి వేసుకుంటే మరిచిపోకుండా ఉంటారు. ఐతే అర్థంపర్థం లేని కలయికలు కూడా మార్కెట్లో విస్తారంగా వచ్చాయి. కేంద్ర ప్రభుత్వం 2016లో 344 రకాలను, 2018లో 328 రకాలను, 2024లో మరో 156 రకాలను నిషేధించవలసి వచ్చిందంటే ఊహించుకోండి. జలుబుకు అయిదు మందులు కలిపిన బిళ్ళ వేసుకుని, మళ్ళీ జ్వరానికి వేరే పేరుతో ఇంకో బిళ్ళ వేసుకునేవారున్నారు. రెండింటిలోనూ ఉన్నది పారాసెటమాలే. డబ్బు రెండింతలు, లివరుకు బరువూ రెండింతలు.

అసలు పేరు, పెట్టిన పేరు

ప్రతి మందుకూ రెండు పేర్లుంటాయి. ఒకటి ఆ రసాయనం పేరు: అమ్లోడిపిన్, మెట్‌ఫార్మిన్, అటోర్వాస్టాటిన్ లాంటివి. దీన్నే జనరిక్ పేరంటారు. రెండోది కంపెనీ పెట్టుకున్న ముద్దుపేరు, అదే బ్రాండు. స్ట్రిప్పు మీద పెద్ద అక్షరాలతో కనబడేది సాధారణంగా ముద్దుపేరు. అసలు పేరు కోసం వెతకాలి. ఈ ఒక్క పని మీ ఇంట్లో ఈ రోజే చెయ్యండి. రోజూ వాడే మందుల అసలు పేర్లు, ఎన్ని మిల్లీగ్రాములో ఒక కాగితం మీద రాసి బీరువా తలుపుకు అంటించండి. ఊళ్ళో లేనప్పుడు మందు అయిపోతే బ్రాండు దొరక్కపోవచ్చు గాని, అసలు పేరు చెబితే దాదాపు ప్రతి ఊళ్ళోనూ దొరుకుతుంది.

ఈ పేర్ల గొడవ ఈనాటిది కాదు. 1974లో ప్రభుత్వం జైసుఖ్‌లాల్ హాథీ అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. 1975లో ఆ కమిటీ, బ్రాండు పేర్లను దశలవారీగా తొలగించాలని సిఫారసు చేసింది. అప్పటికి నేనింకా పలక పట్టుకుని బడికి పోతున్నాను. ఇప్పుడు రిటైర్మెంటు దగ్గర పడుతోంది, బ్రాండ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. డాక్టర్లు వీలైనంతవరకు జనరిక్ పేర్లు రాయాలని మెడికల్ కౌన్సిల్ 2002 నియమావళిలో ఉంది. 2016లో దాన్ని సవరించి, చదవగలిగేలా, మేలు పెద్ద అక్షరాలతో రాయాలన్నారు. 2023 ఆగస్టులో మరింత గట్టి నిబంధన వచ్చింది. అదే నెలలో దాన్ని నిలిపివేశారు. అంచేత నిబంధన మీ తరఫున మాట్లాడుతుందని కూర్చోకుండా, "దయచేసి అసలు పేరు కూడా రాయండి" అని మీరే అడగాలి.

ఆ అడగడం మందుల షాపులో కాదు, డాక్టరు గదిలోనే జరగాలి. ఎందుకంటే డాక్టరు బ్రాండు పేరు రాస్తే, దానికి బదులు అదే మందు ఉన్న ఇంకో చవక బ్రాండు ఇచ్చే అధికారం చట్టప్రకారం షాపువాడికి లేదు. మీరు అక్కడ ఎంత బతిమాలినా నిజాయితీపరుడైన ఫార్మసిస్టు మార్చి ఇవ్వడు. అసలు పేరు రాసి ఉంటే మాత్రం ఏ కంపెనీది ఇవ్వాలో మీరూ అతనూ మాట్లాడుకోవచ్చు.

ఇక ధర సంగతి. అత్యవసర మందుల జాబితా అని ఒకటుంది. 2022లో సవరించిన ఆ జాబితాలో 384 మందులున్నాయి. 2013 నాటి ధరల ఉత్తర్వు ప్రకారం ఈ జాబితాలోని మందులకు ప్రభుత్వం గరిష్ఠ ధర నిర్ణయిస్తుంది. ఎలాగంటే, మార్కెట్లో కనీసం ఒక శాతం వాటా ఉన్న కంపెనీల ధరల సగటు తీసి, దానికి షాపువాడి లాభం 16 శాతం కలుపుతారు. అంటే ఆ గరిష్ఠ ధర సగటుమీద కట్టిన ధర. అంతకంటె చాలా చవకగా అదే మందు దొరికే అవకాశం ఉండనే ఉంది. జాబితాలో లేని మందులకు ఏడాదికి 10 శాతందాకా ధర పెంచుకోవచ్చు. ప్రభుత్వ ధరల సంస్థవారి 'ఫార్మా సహీ దామ్' అనే సదుపాయం సెల్‌ఫోనులోనే ఉంది. మందు పేరు కొడితే ధరలు చూపిస్తుంది. మీ పిల్లలచేత చూపించుకోండి. వాళ్ళ చేతిలో ఫోను ఎలాగూ ఉంటుంది గదా. మరొక సంగతి. 2025 సెప్టెంబరు 22నుంచి చాలా మందుల మీద జి.ఎస్.టి. 12 శాతంనుంచి 5 శాతానికి దిగింది. ప్రాణరక్షక మందులు 33 రకాల మీద పూర్తిగా తీసేశారు. బిల్లులో ఆ తేడా కనబడాలి.

మామూలు షాపులో "జనరిక్ ఇవ్వండి" అంటే సరిపోతుందనుకోకండి, ఇక్కడ ఒక తిరకాసు ఉంది. కొన్ని కంపెనీల జనరిక్ స్ట్రిప్పుల మీద ముద్రించిన ధర బ్రాండు ధరకు దగ్గరగానే ఉంటుంది. షాపువాడికి మాత్రం అది అందులో చిన్న వంతుకే వస్తుంది. మంచివాడైతే తేడాలో చాలా భాగం మీకే వదిలేస్తాడు. కానివాడు అచ్చువేసిన ధర చూపించి వసూలు చేస్తాడు, అదీ చట్టబద్ధమే. కాబట్టి స్ట్రిప్పు మీది ధర చూసి ఊరుకోకుండా "నాకు ఎంతకు ఇస్తారు?" అని అడగండి. కూరగాయల దగ్గర అడిగే నోరు మందుల దగ్గర ఎందుకు మూగబోతుందో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

ఈ బేరసారాలు లేనిచోటు జన ఔషధి దుకాణం. ఈ పథకం 2008లో మొదలైంది. చాలా ఏళ్ళు నత్తనడక నడిచి, 2016 తర్వాత ఊపందుకుంది. ఇప్పుడు దేశంలో పదివేలకు పైగా దుకాణాలున్నాయి. మన రెండు రాష్ట్రాల్లోనూ జిల్లా కేంద్రాల్లో, చిన్న పట్టణాల్లోనూ ఉన్నాయి. అక్కడ ముద్రించిన ధరే తక్కువ. ఈ మధ్య నేను వాకబు చేసినప్పుడు అమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములవి పది బిళ్ళలు పది రూపాయల లోపు, మెట్‌ఫార్మిన్ 500వి పది కూడా పది రూపాయల లోపు, టెల్మిసార్టాన్ 40వి పది పదిహేను రూపాయల లోపు ఉన్నాయి. ధరలు కాస్త అటూ ఇటూ మారుతుంటాయనుకోండి. దర్జీగారి రక్తపోటు బిళ్ళలో ఉన్న రెండు మందులూ విడివిడిగా అక్కడ కొంటే నెలకు 60 రూపాయల చుట్టుపక్కల తేలేవి. అతను బ్రాండుకు పెట్టింది 400. రోజు విడిచి రోజు వేసుకుని మిగుల్చుకున్నది 200.

అక్కడ ఉన్న ఇబ్బంది సరుకు. ఒక్కోసారి నిండుకుంటుంది. చివరి బిళ్ళ మింగాక పరుగెత్తకుండా, వారం రోజులవి మిగిలి ఉండగానే వెళ్ళండి.

చవక మందు పనిచేస్తుందా?

ఈ ప్రశ్న నన్ను అడగని రోగి లేడు. కొందరు డాక్టర్లు కూడా అడుగుతారు. కాబట్టి ఉన్నదున్నట్లు చెబుతాను. జన ఔషధికి మందులు సరఫరా చేసే కంపెనీలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్దేశించిన తయారీ ప్రమాణాల సర్టిఫికెట్ ఉండాలి. వచ్చిన ప్రతి బ్యాచీనీ గుర్తింపు పొందిన ప్రయోగశాలల్లో పరీక్ష చేయించాకే దుకాణాలకు పంపాలి. ఏర్పాటు ఇదీ. నాణ్యత తక్కువైన మందులు దేశంలో లేవా అంటే, ఉన్నాయి. కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ప్రతి నెలా పరీక్షలో తప్పిన మందుల జాబితా ప్రకటిస్తుంది. అందులో చవకవీ ఉంటాయి, పేరున్న బ్రాండ్లూ ఉంటాయి. ఎక్కువ ధర పెట్టినంతమాత్రాన నాణ్యతకు పూచీ దొరకదు.

మరి మీ పూచీ ఏమిటి? బిల్లు తీసుకోండి. బిల్లు మీద బ్యాచి నంబరు ఉండాలి, అది స్ట్రిప్పు మీది నంబరుతో కలవాలి. బిళ్ళలు కత్తిరించి ఇస్తే, తేదీ, బ్యాచి నంబరు ఉన్న ముక్కే అడిగి తీసుకోండి. అన్నిటికంటె గట్టి పరీక్ష మీ ఒంట్లోనే ఉంది. రక్తపోటు బిళ్ళ కంపెనీ మారిస్తే మూడు నాలుగు వారాల తర్వాత రక్తపోటు చూపించుకోండి. మధుమేహం మందు మారిస్తే ఇంటి పరీక్షలు ఎలాగూ చేస్తుంటారు, మూడు నెలలకు ఒకసారి హెచ్.బి.ఎ.1.సి. చేయించండి. అంకెలు మునుపటిలాగే ఉంటే మందు పనిచేస్తున్నట్లే. ఇంతకంటె పెద్ద సాక్ష్యం ఏ కంపెనీ ప్రతినిధీ తెచ్చి చూపలేడు.

నాలుగు చోట్ల మాత్రం మీ అంతట మీరు కంపెనీ మార్చకండి: మూర్ఛమందులు, థైరాయిడ్ బిళ్ళ, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్, అవయవమార్పిడి చేయించుకున్నవారు వాడే మందులు. వీటిలో రక్తంలో మందు పాళ్ళు కొద్దిగా తేడా వచ్చినా చిక్కు. మార్చకూడదని కాదు, డాక్టరుకు చెప్పి, పరీక్షలు పెట్టుకుని మార్చాలి.

ఖర్చు తగ్గుతుందని పెద్ద మోతాదు బిళ్ళ కొని సగం చేసుకునేవారున్నారు. 10 మిల్లీగ్రాముల బిళ్ళ ధర 5 మిల్లీగ్రాములదానికి రెండింతలు ఉండదు కాబట్టి లెక్క నిజమే. కాని మధ్యలో గీత ఉన్న మామూలు బిళ్ళలకే ఇది చెల్లుతుంది, అదీ డాక్టరు సరేనంటేనే. పేరు చివర ఎస్.ఆర్., ఎక్స్.ఆర్., ఇ.ఆర్. అని ఉన్నవి రోజంతా మెల్లగా కరగడానికి చేసినవి. విరిచారంటే రోజు మందంతా ఒక్కసారి దిగిపోతుంది. గొట్టాలు విప్పి సగం పోసుకోవడం కూడా పనికిరాదు.

ఇన్సులిన్ వాడేవారి సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఆ ఇళ్ళల్లో నెల బడ్జెట్టంతా దాని చుట్టూనే తిరుగుతుంది. పెన్నులు వచ్చాక, సీసా ఇన్సులిన్ పాతకాలపుదని చాలామంది చిన్నచూపు చూస్తున్నారు. పెన్ను సులువే, కాదనను. కళ్ళు సరిగా కనబడనివారికి, చేతులు వణికేవారికి అది వరమే. కాని సీసాలో వచ్చే మామూలు హ్యూమన్ ఇన్సులిన్ ధర, పెన్నులో వాడే కొత్తరకం ఇన్సులిన్లతో పోలిస్తే చాలా తక్కువ. టైప్ 2 మధుమేహం ఉన్న చాలామందికి అదే చాలు. ఖర్చు మోయలేక పూటకు అయిదు యూనిట్లు తగ్గించి పొడుచుకునేవారిని చూశాను. వారు డాక్టరును అడిగి సీసాకు మారితే నిండు మోతాదు వేసుకోగలరు. మారేటప్పుడు ఒక్క జాగ్రత్త ప్రాణప్రదం. మన దేశంలో సీసాలు సాధారణంగా మిల్లీలీటరుకు 40 యూనిట్లవి. వాటికి ఎర్ర మూత ఉన్న 40 సిరంజి. 100 యూనిట్ల సీసాలూ, పెన్ను కార్ట్రిడ్జిలూ వేరు. 100 యూనిట్ల ఇన్సులిన్‌ని ఎర్రమూత సిరంజితో తీస్తే గీతల ప్రకారం మీరనుకున్నదానికి రెండున్నర రెట్లు ఒంట్లోకి పోతుంది. స్పృహ తప్పడానికి అది చాలు. ఇన్సులిన్ కొన్న ప్రతిసారీ సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటేనా అని షాపు మెట్లు దిగకముందే చూసుకోండి. ఇంట్లో ఫ్రిజ్జు లేకపోతే కొత్త కుండలో నీళ్ళు పోసి, ఇన్సులిన్‌ని తడి తగలని గిన్నెలో పెట్టి అందులో ఉంచవచ్చు. ఫ్రిజ్జు ఉన్నవాళ్ళు గడ్డకట్టే అరలో పెట్టి పాడుచెయ్యడం నేను ఎన్నోసార్లు చూశాను. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు.

ఉబ్బసం ఉన్నవారికి ఒక మాట. పీల్చేమందు సీసా ధర చూసి బెదిరి, దగ్గు సిరప్పులు తాగుతూ ఉంటారు. పీల్చేమందు మైక్రోగ్రాముల్లో నేరుగా ఊపిరితిత్తులకు పోతుంది, ఒక సీసా రెండు వందల పీల్పులదాకా వస్తుంది. పీల్పుకు ఎంత పడుతుందో లెక్కవేసి చూడండి.

ధర్మాస్పత్రి మందు

మా ఆస్పత్రికి మందుల కోసం వచ్చేవారిలో గుమాస్తాలు, చిన్న వ్యాపారులు చాలా తక్కువ. "ధర్మాస్పత్రి మందు మనకెందుకు" అన్న చిన్నతనం. మీరు కట్టే పన్నులతో కొన్న మందు అది. 2010లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద రక్తపోటు, మధుమేహం ఉన్నవారికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, ఏరియా ఆస్పత్రుల్లో పరీక్ష చేసి ఉచితంగా మందులిస్తారు. దానికి తోడు 2017లో రక్తపోటు అదుపు కార్యక్రమం ఒకటి మొదలైంది. తొలుత చేపట్టిన రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. అందులో ప్రధానంగా వాడేవి అమ్లోడిపిన్, టెల్మిసార్టాన్ లాంటి మందులే. బజారులో ఖరీదైన పేర్లతో వచ్చే బిళ్ళల్లోనూ చాలాచోట్ల ఉన్నవి అవే.

మా దగ్గర మందులు ఎప్పుడూ ఉంటాయని ప్రగల్భం పలకను. ఒక్కో నెల ఒక రకం నిండుకుంటుంది, క్యూ ఉంటుంది, కూర్చోవడానికి బల్ల దొరకదు. సోమవారం పొద్దున వచ్చి జనాన్ని చూసి వెనక్కి పోయేవారు బుధవారమో గురువారమో పదకొండు దాటాక వచ్చి చూడండి. క్షయకు మొదటినుంచి చివరిదాకా మందులు ఉచితం. హెచ్.ఐ.వి.కి 2004నుంచి, కామెర్లు కలిగించే హెపటైటిస్ బి, సి రకాలకు 2018నుంచి ప్రభుత్వ కార్యక్రమాల్లో మందులు ఉచితం. కుక్క కరిస్తే వేసే టీకా, పాముకాటు విరుగుడు ఇంజక్షన్లు కూడా అంతే. వీటికోసం బయట అప్పు చేసి వేలు ఖర్చుపెట్టి, తర్వాత మా దగ్గరకు వచ్చి బాధపడేవారిని చూస్తే మనసు చివుక్కుమంటుంది.

ఇక అసలు కొననే అక్కరలేని వాటి గురించి ఎక్కువ రాయను, రాస్తే టానిక్కుల మీదే ఇంకో వ్యాసం అవుతుంది. నీరసమని ఎక్కించుకునే గ్లూకోజు సీసాలో ఉండే చక్కెర, నోటితో తాగగలిగినవారికి ఒక గ్లాసు షర్బతు ఇచ్చేపాటిదే. జలుబుకు యాంటీబయాటిక్ పనిచెయ్యదు. పిల్లల విరేచనాలకు ముందు కావలసింది ఓ.ఆర్.ఎస్. పొట్లం.

కొత్త మందు రాసినప్పుడు మొదట వారం రోజులవే కొనండి. పడకపోతేనో, మోతాదు మారితేనో మిగిలినవి డబ్బాలో పడి ఉండడమే. కుదురుకున్నాక నెలవి ఒకేసారి తీసుకోవచ్చు. తగ్గింపు ఇస్తున్నారని ఆరు నెలలవి కొనిపెట్టుకోవద్దు. డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడల్లా చీటీతోపాటు ఇంట్లో ఉన్న బిళ్ళలన్నీ సంచిలో వేసుకుని వెళ్ళండి. ఆకుమందులు, పక్కింటివారు ఇచ్చినవి కూడా దాచకుండా.

దర్జీ ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. మాట చాలావరకు వచ్చింది. కుడిచెయ్యి మాత్రం కత్తెర పట్టడానికి రావడం లేదు. కత్తిరింపు అతని భార్య నేర్చుకుంది, ఇతను పక్కన కూర్చుని కొలతలు చెబుతాడు. మెదడులో రక్తం గడ్డకట్టి వచ్చిన పక్షవాతమని స్కానులో తేలింది కాబట్టి, రక్తపోటుకు రెండు బిళ్ళలు, ఒక ఆస్పిరిన్, ఒక కొలెస్టరాల్ బిళ్ళ, మొత్తం నాలుగు రకాలు జీవితాంతం వాడాలి. మూడు మా ఆస్పత్రిలో దొరుకుతున్నాయి, నాలుగోది ఉన్న నెల ఇస్తాం, లేని నెల జన ఔషధిలో కొనుక్కుంటున్నారు. ప్రతి నెలా మొదటి గురువారం ఆమె వస్తుంది, చేతిలో అదే బిస్కట్ల డబ్బా. నేను రక్తపోటు చూసేముందు ఆ డబ్బా మూత తీస్తాను. పోయిన నెలలో ఖాళీ స్ట్రిప్పులు నాలుగు రకాలూ సరిసమానంగా ఉన్నాయి. రక్తపోటు 132/84.